నీటికో గాలం

జీడిపప్పు అంటే పలాస. నీలి గ్రానైట్ అంటే టెక్కలి. కొబ్బరి, పనస అంటే ఉద్దానం. శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన ఉన్న ఈ నేల గురించి అందరికీ తెలిసిన మాటలివే. కాదంటే తుపాన్లు, కిడ్నీ జబ్బు. కానీ భుజాన గాలం వేసుకుని బయల్దేరిన వాడికి అదే నేల మరోలా కనిపిస్తుంది. కొండల మీంచి దిగే గెడ్డలు, ఊరి పక్కన బందలు, తామరాకులు కప్పేసిన బీలలు, ఉప్పునీరూ మంచినీరూ కలిసే తంపరలు, ఏటి మొగలు, వాటన్నిటికీ ఆవల సముద్రం! ఇన్ని రకాల నీళ్లు ఒక్క రోజు ప్రయాణంలో చూడగలిగే చోట్లు మన రాష్ట్రంలో ఎన్నో లేవు.

అక్కడే ఉంది చిక్కు. ఇన్ని నీళ్లకు ఒక్క గాలం చాలదు. చాలదని తెలియక, తగ్గింపు ధర చూసి చేతికందింది కొనేసి, ఒక్క చేపా పడక అటక మీద పారేసేవాళ్లే ఎక్కువ. పండగ సేల్ వచ్చిందంటే చాలు, ఫోన్ తెర మీద ‘బాస్ ఫిషింగ్ రాడ్, రీలు, ఎరల పెట్టె... మొత్తం కలిపి 70 శాతం తగ్గింపు’ అని ఊరిస్తుంటుంది. ఇంతకీ ఈ ‘బాస్’ ఎవరు? ఆయనకు కొన్న రాడ్ మన సోంపేటలో పనికొస్తుందా? పలాస నుంచి టెక్కలి దాకా నీటి వెంట ఓ చుట్టు చుట్టి వద్దాం రండి.

బాస్ మన ఊళ్లో లేడు!

లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. అక్కడ దాని వేట పెద్ద క్రీడ. బహుమతుల పోటీలు, వాటికోసం ప్రత్యేక పడవలు, ఎరకో రాడ్డు. వానపామును గుచ్చి కూర్చునే పద్ధతి కాదది. రబ్బరు కప్ప, చెక్క చేప, తళుకు రేకు లాంటి ఉత్తుత్తి ఎరను విసిరి, బతికున్నట్టే ఆడిస్తూ లాక్కురావాలి. ఆ ఎరలనే ల్యూర్లు అంటారు. మనకు తగ్గింపులో వచ్చే రాడ్లలో చాలావరకు ఆ వేట కోసం తయారైనవే.

ఆ బాస్ మన చెరువుల్లో లేదు. కానీ అదే గుణమున్న చేపలు మనకు రెండున్నాయి. ఒకటి మంచినీటి కొర్రమీను. రెండోది ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగే పండుగప్ప. దీన్ని ఇంగ్లిషులో సీ బాస్ అంటారు. ఆస్ట్రేలియాలో బారమండి అనే పేరుతో వేటగాళ్లను ఉర్రూతలూగించేది ఇదే. పేరులో ‘బాస్’ ఉన్నా అమెరికా బాస్‌తో దీనికి దగ్గరి చుట్టరికం లేదు. పద్ధతి మాత్రం ఒక్కటే. చెత్త చాటునో, వేళ్ల సందునో పొంచి ఉండి, కదిలేదాని మీదకు ఒక్కసారిగా దూకడం. కాబట్టి అమెరికా బాస్ కోసం చేసిన రాడ్ ఇక్కడా పనికొస్తుంది. ఏ రాడ్, ఏ నీటికి అన్నదే తెలియాలి.

పలాస: రీలు అక్కర్లేదు

హౌరా-చెన్నై రైలు మార్గంలో పలాస పేరున్న స్టేషన్. పక్కనే కాశీబుగ్గ. రెండూ కలిసి ఒకే మున్సిపాలిటీ. జీడిపిక్కలు కాల్చే వాసన దాటి ఊరి బయటికొస్తే గెడ్డలు, బందలు మొదలవుతాయి. గెడ్డ అంటే వాగు. బంద అంటే చిన్న చెరువు.

ఇక్కడ పరిగెలకు, చిన్న జెల్లలకు వెదురు గడను మించింది లేదు. గడ, నైలాన్ దారం, బెండు ముక్క, చిన్న కొక్కెం, ఎర్రల డబ్బా. అంతే! పిల్లలకు గాలం నేర్పాలనుకునే ఇంట్లో మొదటి ఖర్చు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఏ సేల్‌లోనూ ఇంతకన్నా తక్కువకు రాదు.

ఉత్తుత్తి ఎరతోనే మొదలుపెడతామంటే 6 అడుగుల తేలికపాటి రాడ్, 2000 సైజు రీలు చాలు. 3 నుంచి 7 గ్రాముల తళుకు రేకు కడితే చిన్న కొర్రమీన్లు కూడా ఎగబడతాయి. రేకు నీటిలో తిరుగుతుంటే ఆ అదురు చేతికి తెలియాలి. లావుపాటి రాడ్‌తో అది తెలియదు.

ఒక్క మాట. చెరువు అందరిదీ అనిపిస్తుంది కానీ అందులోని చేప అందరిదీ కాదు. చాలా చెరువులను మత్స్యకార సహకార సంఘాలో, పంచాయతీ దగ్గర పాడుకున్నవాళ్లో లీజుకు తీసుకుని పిల్లలు వదులుతారు. అడగకుండా గాలం వేయడం దొంగతనం కిందే లెక్క. ఒడ్డున కనిపించిన పెద్దాయనను ‘తాతా, ఇక్కడ గాలం వేసుకోవచ్చా?’ అని అడగండి. అనుమతితోపాటు ఏ మూల ఏ చేప ఉంటుందో కూడా తెలుస్తుంది. ఆ సమాచారం ఏ దుకాణంలోనూ దొరకదు.

సోంపేట బీల: కప్పకు గట్టి గడ

పలాస నుంచి ఇచ్ఛాపురం వైపు జాతీయ రహదారి మీద వెళ్తే మందస మలుపు దాటాక సోంపేట వస్తుంది. దారిలో మందస కోవా రుచి చూడటం మరిచిపోవద్దు. సోంపేటకూ బారువ తీరానికీ మధ్య నీరు నిలిచే పల్లపు నేలలే బీల. వరికి తడి, పశువులకు మేత, చుట్టుపక్కల ఊళ్లకు చేప... అన్నీ ఇక్కడినుంచే.

బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు ఉద్యమించారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదేరోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. కాబట్టి ఇక్కడ గాలం వేసేముందు ఓ క్షణం ఆగాలి. ఇది ఉత్త చిత్తడి కాదు, జనం ప్రాణాలిచ్చి నిలుపుకొన్న నీరు.

తామర, నాచు అల్లుకున్న ఇలాంటి నీరే కొర్రమీనుకు ఇష్టం. అది గాలి పీల్చడానికి పైకొచ్చే చేప. ఆకుల మధ్య బుడగ లేచిందంటే కింద ఆయనగారు ఉన్నట్టే. మామూలు కొక్కెం విసిరితే నాచులో చిక్కుతుంది. అందుకే రబ్బరు కప్ప. దాని రెండు కొక్కేలూ వీపుకు అతుక్కుని ఉంటాయి. ఆకుల మీంచి జారుకుంటూ వస్తుంది. చేప పట్టుకుని నొక్కితే బోలు కప్ప అణిగి కొక్కేలు బయటపడతాయి. నీళ్లు ఎగసిపడగానే కంగారుగా లాగొద్దు. దారంలో బరువు తెలిసేదాకా ఆగి, అప్పుడు గట్టిగా లాగాలి.

ఈ పనికి ఆరున్నర నుంచి 7 అడుగుల గట్టి రాడ్ కావాలి. దానిమీద ‘మీడియం హెవీ’, ‘ఫాస్ట్’ అని రాసి ఉంటుంది. మొదటిది రాడ్ బలం. రెండోది ఎక్కడ వంగుతుందన్నది. ‘ఫాస్ట్’ అంటే కొస మాత్రమే వంగి కింది భాగం బిగువుగా ఉండటం. దారం సాగకూడదు కాబట్టి నైలాన్ కాదు, 30 నుంచి 50 పౌండ్ల అల్లిక దారం. రీలు 3000 సైజు. గేర్ నిష్పత్తి 6:1కి తగ్గకుండా ఉంటే, ఒక్క చుట్టుకే ఎక్కువ దారం చుట్టుకుని చేప నాచులో దూరకముందే లాక్కురావచ్చు.

తగ్గింపులో కొనేవాళ్లు సాధారణంగా బోల్తాపడేది ఇక్కడే. అమెరికా కప్ప రాడ్ల మీద ఎర బరువు ఔన్సుల్లో ఉంటుంది. ఔన్సు అంటే సుమారు 28 గ్రాములు. ‘అర ఔన్సు నుంచి’ అని ఉంటే 14 గ్రాముల లోపు ఎరను అది సరిగా విసరలేదు. మన కొర్రమీనుకు వాడే కప్పలు చాలావరకు 8 నుంచి 12 గ్రాములే! ఎంత మంచి కంపెనీదైనా, ఎంత తగ్గించి ఇచ్చినా, ఆ రాడ్ బీలలో దండగే. 7 గ్రాముల నుంచి మొదలయ్యేది చూసుకోండి.

ఇంకో సంగతి. వానాకాలంలో నీటిమీద ఎర్రటి పిల్లల గుంపు ఒక ముద్దగా కదులుతుంటే, కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నాయని అర్థం. అప్పుడు ఏది విసిరినా మీదపడతాయి. ఆకలితో కాదు, పిల్లల కోసం. వాటిని పట్టేస్తే ఆ గుంపంతా ఇతర చేపల నోట్లోకే. గాలం తెలిసినవాడు అక్కడ గాలం వేయడు.

ఉద్దానం తీరం: పొడవు కావాలి

సోంపేట నుంచి బారువకు దిగితే మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు. ఒకప్పటి రేవు, దీపస్తంభం, విశాలమైన ఇసుక. 1917లో ఈ తీరానికి ఎదురుగా మునిగిన చిల్కా ఓడ శిథిలాలు నేటికీ సముద్రగర్భంలోనే ఉన్నాయి. అక్కడినుంచి దక్షిణంగా వజ్రపుకొత్తూరు మండలంలోకి దిగితే జీడి, కొబ్బరి తోటల మధ్య దారి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది ఈ ప్రాంతంలోనే. ఏళ్లతరబడి పెంచిన కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ఊరి పెళ్లిళ్లన్నీ ఒకే ముహూర్తానికి జరిపించే ఆచారంతో పేరుకెక్కిన నువ్వలరేవు కూడా ఈ తీరానిదే.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఎక్కువ భాగం ఇసుక ఒడ్డే. మొదటి అల విరిగే గీత దాటి ఎర పడాలి. 7 అడుగుల బాస్ రాడ్‌తో అది సాగదు. 10 నుంచి 12 అడుగుల రాడ్, 5000 లేదా 6000 సైజు రీలు, 20-30 పౌండ్ల అల్లిక దారం, దాని చివర బారెడు నైలాన్. 30 నుంచి 60 గ్రాముల లోహపు ఎర. పారలు, జెల్లలు, అదృష్టం బాగుంటే మాగ.

బస్సులో, రైల్లో తీసుకెళ్లాలి కాబట్టి రెండు మూడు ముక్కలుగా విడదీసేది కొనండి. ఒకదాంట్లోకి ఒకటి దూరే మడత రాడ్లు చవగ్గానే వస్తాయి. ఇసుక రేణువులు కీళ్లలో చేరాయంటే ఇక తెరవడం, మూయడం నరకమే. సముద్రంలో వాడిన రీలును ఇంటికెళ్లగానే మంచినీళ్లతో తుడవాలి. లేకపోతే ఉప్పు తినేస్తుంది.

మరో మర్యాద కూడా ఉంది. అలివి వల లాగుతున్నచోట, తెప్పలు దిగేచోట గాలం విసరకూడదు. మనకది ఆదివారం సరదా. వాళ్లకది ఆ పూట అన్నం.

భావనపాడు, తంపర: పండుగప్ప ఇల్లు

తీరం వెంట ఇంకా దిగితే సంతబొమ్మాళి మండలంలో భావనపాడు. సముద్రం పాయ లోపలికి చొచ్చుకొచ్చే చోటు. ఆ లోపలంతా నౌపడ ఉప్పు మడులు, కాకరాపల్లి తంపర. తంపర అంటే ఉప్పూ తీపీ కలిసిన చిత్తడి. ఇక్కడా విద్యుత్ కేంద్రం వివాదంలో 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది కూడా ఈ మండలంలోనే. పనులు జరిగేచోటికి, ఆంక్షలున్నచోటికి గాలం పట్టుకుని వెళ్లొద్దు.

పండుగప్ప ఆటుపోట్ల మనిషి... కాదు, చేప! నీరు నిలకడగా ఉన్నప్పుడు కదలదు. పోటు ఎక్కేటప్పుడు, నీరు తీసేటప్పుడు పాయ మూలల్లో కాపు వేస్తుంది. చేప ఆకారంలో ఉండే 10 నుంచి 25 గ్రాముల గట్టి ఎరనో, రబ్బరు చేపనో ప్రవాహం వెంట తీసుకురావాలి. గట్టి ఎరలకు మూడు కొనల కొక్కేలుంటాయి. వీటికి కప్ప రాడ్ లాంటి బిర్రు పనికిరాదు. చేప తల విదిలిస్తే కొక్కెం చీల్చుకుని ఊడిపోతుంది. 7 అడుగుల రాడ్ మధ్యదాకా వంగి కాస్త లొంగేది కావాలి. దానిమీద ‘మోడరేట్’ లేదా ‘మోడరేట్ ఫాస్ట్’ అని ఉంటుంది. రబ్బరు చేపకైతే ‘ఫాస్ట్’ రాడ్డే మేలు. రీలు 4000 సైజు. దారం చివర లావు నైలాన్ తప్పనిసరి. పండుగప్ప మొప్పల అంచు కత్తిలా ఉంటుంది. దారాన్నీ కోస్తుంది, చేతినీ కోస్తుంది.

ఈ చేపకో వింత ఉంది. మొదట కొన్నేళ్లు మగచేపగా బతికి, బాగా పెద్దయ్యాక ఆడచేపగా మారుతుంది. అంటే గాలానికి పడిన అతిపెద్ద పండుగప్ప దాదాపుగా గుడ్లు పెట్టే తల్లే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో సాధారణంగా 58 సెంటీమీటర్ల కన్నా చిన్నదాన్నీ, 120 సెంటీమీటర్ల కన్నా పెద్దదాన్నీ వదిలేయాలన్నది నిబంధన. కొలిచి ఫొటో తీసుకుని, పెద్దదాన్ని నీళ్లలోకి వదిలేస్తే మన తంపరకూ మేలే. కూరకు మధ్యరకం చాలు కదా!

తంపర మీద ఆశ పెట్టుకున్నవాళ్లు మనమొక్కరమే కాదు. టెక్కలి దగ్గరి తేలినీలాపురం చెట్ల మీద ఏటా చలికాలంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కడతాయి. పిల్లల నోటికి చేప తెచ్చేది ఈ చుట్టుపక్కల నీళ్ల నుంచే. తెగిన నైలాన్ దారం ఒడ్డున పారేస్తే ఆ కాళ్లకు, రెక్కలకు చుట్టుకుంటుంది. తెగిన ముక్కను జేబులో వేసుకోండి. ఇంటికొచ్చి చెత్తబుట్టలో వేయండి.

తగ్గింపు ఎక్కడ నిజం?

నాలుగు నీళ్లు చూశాం. ఇప్పుడు దుకాణానికి పోదాం. 4,999 కొట్టేసి 1,499 అని రాసినంత మాత్రాన 3,500 మిగిలినట్టు కాదు. అదే సరుకు మిగతాచోట్ల ఎంతకు అమ్ముతున్నారో చూడండి. అందరూ 1,500కే ఇస్తుంటే అది తగ్గింపు కాదు, ధరే.

నిజమైన తగ్గింపు ఒకటుంది. పెద్ద కంపెనీలు కొత్త మోడల్ తెచ్చినప్పుడు పాతదాన్ని వదిలించుకుంటాయి. జపాన్ షిమానో సంగతే చూడండి. 1921లో సకాయ్ నగరంలో మొదలై, సైకిల్ గేర్లతోపాటు రీళ్లకూ పేరు తెచ్చుకుంది. ఇలాంటి సంస్థల నిరుటి మోడల్ రీలు నిరుటిలాగే తిరుగుతుంది. రంగు పాతదైతే చేపకేం పట్టదు!

రీలు మీద ‘12 బేరింగ్‌లు’ అని గొప్పగా రాస్తారు. సంఖ్య చూసి మోసపోవద్దు. నాసిరకం పన్నెండు కన్నా మంచివి నాలుగు నయం. చూడాల్సింది డ్రాగ్‌ను. చేప గుంజినప్పుడు దారాన్ని తగుమాత్రంగా వదిలే బిగింపు అది. కుదుపు లేకుండా వదలాలి. ‘అన్నీ కలిపి’ అమ్మే పెట్టెల్లో దారం పాతదై చుట్టలు పడి ఉండొచ్చు, కొక్కేలు వంగిపోవచ్చు. మళ్లీ కొనాల్సిన దారం ఖర్చు కూడా ముందే లెక్క వేసుకోండి.

సరుకు ఇంటికొచ్చిన రోజే, తిరిగిచ్చే గడువు దాటకముందే పరీక్షించండి. రాడ్ కీలు బిగించి ఊపితే టకటకలాడకూడదు. దారం వెళ్లే రింగులన్నీ ఒకే వరసలో ఉండాలి. ఒక్కో రింగులో దూది తిప్పండి. దూది పోగు తగులుకుంటే అక్కడ బీట ఉన్నట్టు. రేపు దారాన్ని కోసేది అదే. రీలు పిడిని పట్టుకుని అటూఇటూ కదిపితే వదులుగా ఆడకూడదు.

డబ్బును కూడా నీటిని బట్టే పంచాలి. సముద్రానికైతే రీలు మీద ఎక్కువ పెట్టండి, ఉప్పు దెబ్బ దానికే. బీలకైతే రాడ్ మీద, దారం మీద. గెడ్డకైతే కొక్కెం మీద పెడితే చాలు.

ఒక్కటే కొనగలమంటారా? ఎక్కువ ఇళ్లలో మాట ఇదే. అయితే రెండు ముక్కల 7 అడుగుల ‘మీడియం హెవీ’ రాడ్, ఎర బరువు 7 నుంచి 28 గ్రాములు, ఉప్పునీటికి తట్టుకునే 4000 సైజు రీలు, 30 పౌండ్ల అల్లిక దారం తీసుకోండి. బీలలో కప్పకూ, పాయలో రబ్బరు చేపకూ రెండిటికీ సరిపోతుంది. గెడ్డకు వెదురు గడ ఉండనే ఉంది. ఇసుక ఒడ్డు కోరిక మరో ఏడాదికి దాచుకోండి.

వెళ్లేముందు...

పలాస, నౌపడ రైల్వే స్టేషన్లు, 16వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతానికి దారులు. బస చేయడానికి పలాస, టెక్కలి అనుకూలం. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరికలు చూసుకునే బయల్దేరాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మోటారు, మర పడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో పడవ మాట్లాడుకుని వెళ్దామనుకోవద్దు.

ముఖ్యమైన హెచ్చరిక! ఇప్పటి రాడ్లలో చాలావరకు కార్బన్‌వి. కరెంటు వాటిలో ప్రవహిస్తుంది. కరెంటు తీగల కింద రాడ్ ఎత్తొద్దు. ఉరుము వినపడగానే కింద పడేసి పక్కకెళ్లిపోండి. ఏటి మొగల దగ్గర పైకి కనిపించని లాగుడు ఉంటుంది. మోకాలి లోతు దాటి దిగొద్దు. పిల్లలను ఒంటరిగా వదలొద్దు.

రాడ్ విరిగితే వచ్చే పండగకు ఇంకో సేల్ ఉంటుంది. ఎర పోతే ఇంకోటి కొనుక్కుంటాం. బీలను, తంపరను మాత్రం ఎవరూ తగ్గింపు ధరకు అమ్మరు, అసలు ధరకూ అమ్మలేరు. గాలం ఏదైనా కొనండి. ఆ నీళ్లను మాత్రం మీరొచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే వదిలి రండి.